వ్యసనపరుడెవరు? వల పన్నినదెవరు?



సెల్‌ఫోన్ జూదంలో చిక్కుకుని చితికిపోయిన ఉద్యోగికి నేడు దక్కుతున్న బిరుదులు రెండు: 'దురాశాపరుడు', 'బాధ్యత లేనివాడు'. అధికారులే కాదు, మనలో కొందరూ ఈ మాటే అంటున్నారు. ఈ తీర్పు తప్పు. ఈ తప్పు వల్ల లాభపడేది వల పన్నినవాడే.

ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న కోల్‌కతా గార్డెన్ రీచ్ తెలుగు రైల్వే ఉద్యోగులకు కొత్త కాదు. దానిని ఆనుకుని ఉన్నదే మెటియాబ్రుజ్. ఇరుకు సందుల్లో కుట్టుమిషన్ల ముందు వంగి, పీసు రేటుపై బ్రతికే దర్జీల పేట. 2022 సెప్టెంబరు 10న ఈ ప్రాంతంలోని ఒక ఇంటిలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 17 కోట్ల రూపాయలకు పైగా నగదు పట్టుకున్నది. ఆ నోట్లను లెక్కించడానికి బ్యాంకు సిబ్బందిని, యంత్రాలను రప్పించవలసి వచ్చింది. 'ఈ-నగ్గెట్స్' అనే ఆటల యాప్ పేరిట ప్రజలను మోసగించారన్నది అభియోగం.

దర్యాప్తు సంస్థ వెల్లడించిన పద్ధతిని గమనించండి. మొదట ఆడినవారికి కమీషన్ ముట్టింది. గెలిచిన సొమ్ము అడిగిన వెంటనే చేతికి వచ్చింది. నమ్మి పెద్ద మొత్తాలు పెట్టిన తరువాత, ఏవో సాకులతో చెల్లింపు ఆగిపోయింది. చివరకు ఖాతాల వివరాలే చెరిపివేయబడ్డాయి.

ఇది మోసం కథ, వ్యసనం కథ కాదని కొందరు వాదించవచ్చు. కాని రెండింటి ఎరా ఒక్కటే. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు, నెలనెలా వచ్చే జీతం కంటే గట్టిగా మనసును పట్టుకుంటుంది. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణలో చేర్చింది. రోగానికి కావలసినది చికిత్స, నీతిబోధ కాదు.

ఈ వలకు ముందుగా చిక్కేది ఎవరు? ఒంటరివారు, నిద్ర చెడినవారు, అప్పులపాలైనవారు, రేపటిపై ఆశ సన్నగిల్లిన యువకులు. రన్నింగ్ రూములో వేళకాని వేళ మేలుకునే లోకో పైలట్, ఊరికి దూరంగా ఒంటరిగా కూర్చునే గేట్‌మన్, చాలీచాలని భత్యంతో నెట్టుకొచ్చే గ్రామీణ డాక్ సేవక్ పరిస్థితి ఏమిటి? ఆ ఒంటరితనాన్ని, ఆ నిద్రలేమిని సృష్టించినది ఎవరు? ఖాళీ పోస్టులు నింపని యాజమాన్యం ఆత్మనిగ్రహం గురించి ఉపన్యసించడం చెల్లదు!

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. స్వాగతిస్తున్నాం. కాని చట్టం దుకాణం మూయగలదే తప్ప రోగికి చికిత్స చేయలేదు, అప్పు తీర్చలేదు.

ప్రజల పొదుపు సొమ్మును స్వాహా చేసినవారిని వెనకేసుకురమ్మని మేము కోరడం లేదు. అంతవరకు రాకముందే ఆదుకోవాలని కోరుతున్నాం. బెంగుళూరు నిమ్హాన్స్ 2014లోనే ఇటువంటి వ్యసనాలకు ప్రత్యేక క్లినిక్ తెరిచింది. రైల్వే ఆసుపత్రులలోనూ, తపాలా ఉద్యోగులకూ ఆ వైద్యం గోప్యంగా అందాలి. తనంతట తాను బయటపడి సహాయం కోరినవానికి ఛార్జిషీటు కాక, సెలవు ఇవ్వాలి. డ్యూటీల మధ్య పూర్తి విశ్రాంతి కల్పించాలి.

ప్రతి బ్రాంచి ఒక బాధ్యత స్వీకరించాలి: అప్పుల యాప్‌ల బారిన పడిన సభ్యుని సహకార పరపతి సంఘం వద్దకు చేయి పట్టుకుని తీసుకువెళ్ళాలి. అతడు సిగ్గుతో దాక్కున్నంతకాలం వల పన్నినవాడు నిశ్చింతగా ఉంటాడు.

పడినవానిని నిందించడం మానుదాం! వలను తెంచుదాం!