ఆకలికీ వయసొస్తుంది!

ఆదివారం హనుమకొండ హంటర్‌ రోడ్డులోని కాకతీయ జూకు వెళ్లిన పిల్లలు అడిగే ప్రశ్నల్లో ముందుండేది... 'ఇది ఎంత తింటుంది?' అని. ఎన్నేళ్లొచ్చేదాకా అంత తింటుందని మాత్రం ఎవరూ అడగరు. అసలు కిటుకు అక్కడే ఉంది. బోనులో జంతువైనా, కొట్టంలో ఆవైనా, ఇంట్లో మనిషైనా... వయసు మళ్లేకొద్దీ ఆకలి తీరు మారిపోతుంది.

ఆకలి పొట్టలో పుడుతుందనుకుంటాం. దాని పగ్గాలు మాత్రం మెదడులోని హైపోథాలమస్‌ చేతిలో ఉంటాయి. పొట్ట ఖాళీ కాగానే 'గ్రెలిన్‌' అనే హార్మోను వెళ్లి తిండి కావాలని అడుగుతుంది. 1999లో జపాన్‌ శాస్త్రవేత్తలు దీన్ని ఎలుక జీర్ణాశయంలో కనుగొన్నారు. పేగుల్లోంచి వచ్చే 'కొలెసిస్టోకైనిన్‌' ఇక చాలంటుంది. కొవ్వు కణాలు పంపే 'లెప్టిన్‌' నిల్వలు నిండుగా ఉన్నాయని కబురు చేస్తుంది. దీని గుట్టు 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌ బృందం విప్పింది.

మరి కబురొచ్చినా మెదడు వినకపోతే? జవాబు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పెరిగిన ఎలుకలే చెబుతాయి. అక్కడి ఎలుకల్లో పుట్టుకతోనే ఊబకాయం వచ్చే ఓ కొత్త రకం బయటపడింది. 1996లో ఆ సంగతి లోకానికి తెలిసింది. వాటి ఒంట్లో లెప్టిన్‌కు కొదవే లేదు. అయినా మెదడుకు ఆ మాట చెవికెక్కదు. తింటూనే ఉంటాయి. కొన్ని కిలో బరువు కూడా దాటాయి! మామూలు ఎలుక సుమారు మూడేళ్లు బతికితే ఇవి ఏడాదిన్నరకే ముసలివై పోతాయి.

మామూలు ఎలుకల్లోనూ నడివయసులో ఈ చెవుడు కొంత కనిపిస్తుంది. కొవ్వు పెరుగుతుంది, లెప్టిన్‌ పెరుగుతుంది, మెదడు పట్టించుకోదు. బాగా ముసలైపోయాక కథ అడ్డం తిరుగుతుంది. తిండి తగ్గిపోతుంది. పస్తు పెట్టి మళ్లీ మేత వేస్తే పడుచు ఎలుక లోటంతా పూడ్చుకుంటుంది, ముసలిది ఆ పని చేయలేదు.

మనుషుల సంగతీ అంతే! 1994లో అమెరికాలోని టఫ్ట్స్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు యువకులకూ, వృద్ధులకూ మూడు వారాలు తక్కువ తిండి పెట్టారు. తర్వాత ఇష్టమొచ్చినంత తినమన్నారు. యువకులు ఎక్కువ తిని పాత బరువుకొచ్చారు. వృద్ధులు అలా తినలేకపోయారు. జ్వరానికో, ఆపరేషన్‌కో చిక్కిన పెద్దవాళ్లు త్వరగా కోలుకోకపోవడానికి ఇదీ ఓ కారణమే. పెద్ద వయసులో 'ఇక చాలు' అనే హార్మోను మోతాదు పెరుగుతుంది. పొట్టా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. రుచి, వాసన మందగిస్తాయి. అందుకే నాలుగు ముద్దలకే కంచం పక్కకు జరుగుతుంది.

అలాగని అన్నిటినీ వయసు ఖాతాలో రాసేయకూడదు. ముసలి పిల్లి తెగ తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్‌ ఎక్కువైందేమో చూడాలి. ముసలి కుక్క ఉన్నట్టుండి తిండీ నీళ్లూ అతిగా తీసుకుంటుంటే కార్టిసాల్‌ అనే హార్మోను పెరిగిందేమోనని పశువైద్యులు అనుమానిస్తారు. మేత ముట్టని పశువుకు పళ్లు అరిగిపోయి ఉండొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల బరువు నెలకోసారి చూడండి. 60 కిలోల మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో మూడు కిలోలు తగ్గితే డాక్టరును కలవాల్సిందే. ఉంగరం జారుతున్నా, జాకెట్టు వదులైనా అదీ ఓ హెచ్చరికే. ఒకేసారి కంచం నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. పప్పు, పెరుగు, గుడ్డు... తిన్న కాస్తలోనే బలం ఉండాలి. పక్కన కూర్చుని తింటే ఇంకో ముద్ద దిగుతుంది.

'ఆకలైతలేదు బిడ్డా' అని నాయనమ్మ అంటే అది మొండితనం కాదు. ఆకలేస్తోందని చెప్పాల్సిన కబురు ఆమెకు సరిగ్గా అందడం లేదంతే. ఆమె అడగకపోయినా వేళకు గుర్తుచేసి పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే!