మూసిన తలుపునకు అద్దె

కాలువకు నీరు వదలని యేట నీటితీరువ యడిగిన అధికారిని మన రైతులు నిలదీసి ప్రశ్నింతురు. పంట యెండినచో వజా యిమ్మని అర్జీలు పెట్టుకొందురు. అది భిక్ష కాదు, న్యాయమే యని వారి విశ్వాసము. పారని నీటికి పన్ను లేదన్న యీ ధర్మము పల్లెలో చదువురాని వానికి సైతము తెలిసినదే. కాని పట్టణములలో కంప్యూటరుతో లెక్కలు వ్రాసికొను వర్తకులకును, ముద్రాక్షరశాలల వారికిని, వైద్యులకును, పాఠశాలలకును ఈ ధర్మము వర్తింపకున్నది. నిలిచిపోయిన సాఫ్ట్‌వేరునకు, గడువు తీరిన లైసెన్సునకు బిల్లులు వచ్చుచున్నవి. చెల్లింపనిచో తలుపు తెరువబడదు. చెల్లించినచో తలుపు మూసియున్న దినములకు గూడ అద్దె యిచ్చినట్లగుచున్నది.

పూర్వము సాఫ్ట్‌వేరును తక్కిన వస్తువులవలెనే అంగడిలో కొని తెచ్చుకొనెడివారము. ఒకమారు వెల యిచ్చిన పిదప ఆ ప్రతి యెన్నాళ్లయినను పనిచేసెడిది. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు అట్టి సిద్ధ సాఫ్ట్‌వేరు సరకే యనియు, అమ్మకపు పన్నునకు లోబడుననియు తీర్పు చెప్పిరి. సరకనగా కొన్నవాని సొత్తు. 2013లో అడోబి సంస్థ తన చిత్ర, ముద్రణ సాధనముల క్రొత్త కూర్పులు ఇకపై చందాదారులకు మాత్రమే యని ప్రకటించినది. ఇతర సంస్థలును పెక్కు ఈ త్రోవనే నడచినవి. నేడు మనము కొనునది సరకు కాదు, గడువు గల అనుజ్ఞ మాత్రమే. అట్లే కానిండు. అనుజ్ఞకు రుసుము న్యాయమే. అనుజ్ఞ లేని దినమునకు రుసుమేల?

ఒక చిన్న ముద్రాక్షరశాల యజమానిని తలచుకొందము. ఆయన సంవత్సరమునకు ఒడంబడిక వ్రాసి, నెలనెలకు చందా చెల్లించుచున్నాడు. బ్యాంకువారు పాతకార్డును మార్చి క్రొత్తకార్డు నిచ్చిరి; వాయిదా తప్పినది; కొలది దినములలో లైసెన్సు నిలిచినది. పెండ్లి శుభలేఖలు మొదలు పంచాంగములవరకు తాను కూర్చుకొన్న ఫైళ్లనే తాను తెరువలేడు. మూడు నెలల పిదప పైకము సమకూర్చుకొని పోగా, బిల్లులో ఆ మూడు నెలలును కలవు. సాధనము లేక పోగొట్టుకొన్న పనికి తోడు, లేని సాధనమునకు వెలయు నాయననే యిచ్చుకొమ్మనుచున్నారు!

ఇది కేవలము ఊహ యని చదువరులు తలపవలదు. ఒరాకిల్ సంస్థ ప్రకటించిన నిబంధనలనే చూడుడు. సాంకేతిక సహాయపు ఒప్పందము జారిపోయిన పిదప మరల చేరదలచినవాడు కడపట చెల్లించిన సంవత్సరపు రుసుముపై నూటికి 150 వంతున, విరామకాలము ననుసరించి లెక్కగట్టి, పునరుద్ధరణ రుసుము చెల్లింపవలెను. ముందుకాలపు రుసుము వేరు. అనగా, సహాయము పొందినవానికంటె పొందనివాడే యెక్కువ యిచ్చుకొనవలెను! సంవత్సరపు చందాను నడుమ మానుకొన్నవారినుండి వసూలుచేయు రుసుమును అడోబివారు స్పష్టముగా తెలుపక దాచిరని యారోపించుచు అమెరికా ప్రభుత్వమే 2024 జూన్‌లో న్యాయస్థానమున దావా వేసినది.

సంస్థలవారి వాదమును గూడ ఆలకింపవలెను. మీరు చెల్లింపని నెలలలోను మా యింజనీర్లు పనిచేయుచునే యుండిరి, మీ దస్తావేజులను మేము భద్రపరచితిమి, అవసరము వచ్చినప్పుడే వచ్చి చేరుదుమనిన క్రమముగా చెల్లించువారిపై భారము పడును గదా యని వారందురు. ఇందు కొంత సత్యము గలదు. దస్తావేజులను భద్రపరచినందులకు మితమైన కూలి యడుగవచ్చును. మధ్యకాలమున సిద్ధమైన క్రొత్తకూర్పును ఇచ్చునప్పుడు దానికి వెల కట్టవచ్చును. ఏడాది కంతకును కట్టుబడి మాట తప్పినవానినుండి తమకు గలిగిన నష్టము నడుగవచ్చును. అదియైనను 1872 నాటి ఒడంబడికల చట్టపు 74వ సెక్షను ప్రకారము సమంజసమైన పరిహారమునకు మించరాదు. కాని తలుపును మూయుటయు, అద్దెను లెక్కించుటయు రెండును ఏకకాలమున చెల్లవు. కోడిలో సగము కోసికొని తిని, తక్కిన సగమును గ్రుడ్లు పెట్టుమనినట్లున్నది ఈ వ్యవహారము. అద్దె కావలెనన్న తలుపు తెరచి యుంచుడు. తలుపు మూసితిరా, లెక్కయు మూయుడు.

మా పత్రికయు చందాలమీద బ్రదుకునదే. చందా తీరినవారికి పత్రికను నిలుపుదుము. ఆరునెలల పిదప ఆయన మరల చేరవచ్చినచో, పంపని సంచికలకు వెల యిమ్మనుటకు మాకు నోరాడునా? ఆడినచో చదువరులు సహింతురా?

ఇక వెల చెల్లించియు సేవ కోల్పోయినవారి సంగతి మరియు విచారకరము. గుజరాతునందు వాడినారు చమురుశుద్ధి కర్మాగారమును నడపు నయారా ఎనర్జీపై 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించినది. భారతప్రభుత్వ మట్టి ఆంక్ష యేదియు విధింపలేదు. అయినను మైక్రోసాఫ్ట్ సంస్థ తన సేవలను నిలిపినది. పూర్తిగా వెల చెల్లించిన లైసెన్సులను ఏకపక్షముగా నిలిపిరని నయారావారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. కొలది దినములలోనే సేవలు మరల నారంభమైనవి. పెద్దకంపెనీ కనుక రాజధానిలో వకీళ్లను నిలుపగలిగినది. తెనాలిలోని ముద్రాపకుడును, కరీంనగరములోని బియ్యపుమిల్లు యజమానియు ఏ హైకోర్టు మెట్లెక్కగలరు?

మన దేశమున శాసనములు లేకపోలేదు. 2021 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన రిజర్వుబ్యాంకు నిబంధనల మేరకు, కార్డునుండి మాటిమాటికి పైకము తీయు ఏర్పాటులలో 24 గంటలు ముందుగా ఖాతాదారునకు తెలుపవలెను. వలదనుటకు ఆయనకు హక్కు గలదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మోసపు పోకడలలో సాఫ్ట్‌వేరు చందాల బిల్లింగు ఒకటి. వాడని సేవలకు రుసుము వసూలుచేయుట అందు ఉదాహరణముగా చెప్పబడినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. కాని ఆ చట్టమే వాణిజ్యార్థము కొన్నవానిని వినియోగదారుడు కాదని త్రోసివేయుచున్నది. స్వయముపాధిచే జీవనము సాగించువానికి మాత్రము మినహాయింపు గలదు. పదిమంది పనివారిని పెట్టుకొన్న చిన్న యజమాని యే గూటికి చెందునో తేలులోపల ఆయన వ్యాపారమే తేలిపోవును.

కావున ప్రభుత్వమువారు మూడు పనులు చేయవలయును. సేవ నిలిచిన దినములకు చందా లెక్కింపరాదనియు, సంస్థయే తన కారణమున నిలిపినచో ఆ దినముల పైకము తిరిగి యీయవలెననియు స్పష్టముగా శాసింపవలెను. చందా తీరినను చందాదారుడు తన లెక్కలను, ఫైళ్లను చూచుకొనుటకు, తీసికొనిపోవుటకు కొంత గడువు నిర్ణయింపవలెను. చిన్న వర్తకులకు గూడ వినియోగదారుల కమిషను తలుపు తెరువవలెను.

అంతవరకు మనవారును జాగరూకులై యుండవలెను. మానుకొనదలచినప్పుడు వ్రాతమూలకముగా తెలుపుడు. తేదీ గల ప్రతిని దాచుకొనుడు. సేవ నిలిచిన దినమును, మరల నారంభమైన దినమును వ్రాసియుంచుడు. లెక్కల ప్రతియొకటి సదా మీ యింటనే యుంచుకొనుడు. పూర్వము కరణము లెక్కను చూచుకొనక వ్రేలుముద్ర వేసినవారు పొలములు పోగొట్టుకొనిరి. నేడు నిబంధనలు చదువక "అంగీకరించితిని" అని మీట నొక్కుటయు అట్టి వ్రేలుముద్రయే.