బండ ఎక్కాలంటే... బరువు కిందుండాలి!

పెద్ద టైర్లు వేసి, నాలుగంగుళాలు ఎత్తు పెంచేస్తే చాలు... జీపు ఎంతటి బండరాయినైనా ఎక్కేస్తుందనుకుంటారు చాలామంది. ఎక్కడం సంగతి దేవుడెరుగు, పక్కకు పల్టీ కొట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. పైగా ఇంటికొచ్చేటప్పుడు హైవే మీద స్టీరింగ్ చేతిలో నిలవదు. రాళ్ల మీద బళ్లు నడిపేవాళ్లు ముందు నేర్చుకునేది ఇంజిన్ గురించి కాదు, బరువు గురించి!

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో ఓ బాట ఉంది. జార్జిటౌన్ అవతల మొదలై టాహో సరస్సు దగ్గర తేలుతుంది. పొడవు దాదాపు 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీదైతే అరగంట ప్రయాణం. అక్కడ మాత్రం ఒకట్రెండు రోజులు! ఎందుకంటే బాటన్నది పేరుకే. దారి పొడవునా బండరాళ్లే... ఒకటి రుబ్బురోలంత ఉంటే, దాని పక్కది బీరువా అంత. నడిచి వెళ్లేవాడే చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు కొన్ని. ఓ ఎత్తు పేరు 'కాడిలాక్ హిల్'. ఎప్పుడో ఆ దారిన పోబోయి పాడైపోయిన కాడిలాక్ కారు వల్లే ఆ పేరొచ్చిందంటారు. ఈ బాటే 'రూబికాన్ ట్రయల్'.

1953లో ఇక్కడ జీపుల జాతర లాంటిది మొదలైంది. పేరు 'జీప్ జాంబొరీ'. ఆ తర్వాత ఈ బాటకు ఎంత పేరొచ్చిందంటే, 2003 మోడల్‌గా జీప్ కంపెనీ తెచ్చిన రాంగ్లర్‌కు 'రూబికాన్' అనే పేరు పెట్టుకుంది. ఇలాంటి రాళ్ల మీద పాకడానికే మార్చుకున్న బళ్లను 'రాక్ క్రాలర్లు' అంటారు. పాకడం అన్నమాట అక్షరాలా నిజం. మనిషి నడక కన్నా నెమ్మది. ఒక్కో చక్రాన్నీ ఏ రాయి మీద పెట్టాలో చూసుకుంటూ, కిందికి దిగిన మనిషి చేతులు ఊపి దారి చూపిస్తుంటే, అంగుళం అంగుళం జరగడమే. అదే కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీ ఎడారిలో 2007 నుంచి 'కింగ్ ఆఫ్ ది హామర్స్' పేరుతో రేసు కూడా జరుగుతోంది. ఎడారిలో దూసుకెళ్లాలి, రాళ్లొచ్చేసరికి పాకాలి. రెండూ ఒకే బండితో!

కొత్తగా ఈ పిచ్చి పట్టినవాడు మొదట ఏం చేస్తాడు? స్ప్రింగులు మార్చి బండిని లేపుతాడు. ముప్పై అంగుళాల టైర్లు తీసేసి ముప్పై అయిదువో, ముప్పై ఏడువో వేస్తాడు. ముందో ఇనుప బంపర్, దాని మీద విన్చి. టాపు మీద క్యారియర్... అందులో స్టెప్నీ, నీళ్ల డబ్బాలు, డీజిల్ క్యాన్లు, జాకీ. చూడ్డానికి సినిమా బండిలా ఉంటుంది. ఫొటో దిగి ఊరుకుంటే ఏ బాధా లేదు. రాయి ఎక్కించబోయినప్పుడే అసలు కథ.

కాడి లేచినట్టే...

ఎద్దుల బండి తోలిన తాతయ్య ఎవరైనా ఇంట్లో ఉంటే ఈ సంగతి ఇంజినీరు కన్నా బాగా చెబుతారు. ధాన్యం బస్తాలు వెనక ఎక్కువ పడితే కాడి పైకి లేస్తుంది. ముందెక్కువ పడితే ఎద్దుల మెడల మీద మోత. అందుకే బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కాడి ఎత్తి చూసి మరీ ఎద్దుల్ని కడతారు. గట్టు ఎక్కేటప్పుడు తోలేవాడు ముందుకు జరిగి నొగల మీదికొస్తాడు, దిగేటప్పుడు వెనక్కి జరుగుతాడు. రాక్ క్రాలర్ లెక్కంతా ఇదే. కాకపోతే ఇక్కడ కాడి స్థానంలో ముందు ఇరుసు ఉంటుంది, అది లేస్తే పట్టుకోవడానికి ఎద్దులుండవు.

చిన్న లెక్క చూద్దాం. ఓ జీపు బరువు 1,800 కిలోలు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు. చదునైన నేల మీద ముందు 900, వెనక 900 కిలోలు చెరిసగం మోస్తున్నాయనుకుందాం. బరువంతా ఒక్కచోట కేంద్రీకరించిందనుకునే బిందువు, అదే గరిమనాభి, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఈ బండి 30 డిగ్రీల వాలు ఎక్కుతుంటే ముందు చక్రాలు నేలను నొక్కే బరువు 500 కిలోలకు పడిపోతుంది. వెనకవాటి మీద 1,060. (రెండూ కలిపితే 1,800 రాలేదేమిటంటారా? వాలులో నేలను నొక్కేది బరువులో కొంత భాగమే. మిగిలిన లాగుడు బండిని కిందికి జార్చే పనిలో ఉంటుంది.) టైరుకు పట్టు దొరికేది దాని మీద పడే బరువును బట్టే. అంటే రాయి అంచు ఎక్కాల్సిన ముందు టైర్లకే పట్టు సగం పోయింది!

ఇప్పుడు స్ప్రింగులు, టైర్లు, టాపు మీది సామాన్ల పుణ్యమాని గరిమనాభి 15 సెంటీమీటర్లు పైకెళ్లిందనుకోండి. అదే వాలులో ముందు చక్రాల మీద బరువు 440 కిలోలే. ఎత్తు పెంచకుండా, బండిలోని బరువులను ముందుకు సర్ది ముందు ఇరుసు వాటాను నూటికి 55కి చేర్చి ఉంటే? దాదాపు 580 కిలోలు! ఒకే బండి, ఒకే ఇంజిను. తేడా 140 కిలోలు.

పక్కకు ఒరిగినప్పటి లెక్క ఇంకా భయపెడుతుంది. చక్రాల మధ్య వెడల్పు మీటరున్నర ఉన్న ఆ జీపు, కాగితం మీద 45 డిగ్రీల దాకా పక్కకు వంగినా నిలబడాలి. ఆ పదిహేను సెంటీమీటర్లు పెరిగితే 40 డిగ్రీలకే పడిపోతుంది. ఇదీ స్ప్రింగుల ఊగులాటను లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన మాట. నిజం బండి అంతకన్నా ముందే పల్టీ కొడుతుంది. చక్రాలను బయటికి జరిపి వెడల్పు పెంచుకుంటే పోయిన డిగ్రీల్లో కొన్ని తిరిగొస్తాయి కానీ, ఆ పని చేసినందుకు స్టీరింగు మరో రకంగా వసూలు చేసుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే ఆదివారం పిల్లలతో కలిసి ఇంట్లోనే చూడొచ్చు. ఓ బొమ్మ కారు చక్రాలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి, పీట మీద అడ్డంగా పెట్టి, పీట ఒక పక్కను మెల్లగా లేపండి. ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత నాలుగు రూపాయి బిళ్లలు కారు టాపు మీద అంటించి ఓసారి, అవే బిళ్లలు అడుగున అంటించి మరోసారి. పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. రిమోట్ కంట్రోల్ క్రాలర్ల సరదా ఉన్నవాళ్లు చేసేదీ ఇదే... ముందు చక్రాల దగ్గర ఇత్తడి బరువులు బిగిస్తారు, పైన తేలికపాటి ప్లాస్టిక్ డొప్ప ఉంచుతారు.

చేయి తిరిగినవాళ్ల బళ్లు చూస్తే అందుకే కాస్త విచిత్రంగా ఉంటాయి. టైర్లు భారీగా ఉంటాయి, బండి మాత్రం నేలకు అతుక్కున్నట్టుంటుంది. ఎత్తు పెంచే బదులు టైరుకు చోటు కోసం మడ్‌గార్డులు కోసేస్తారు. బ్యాటరీ, ట్యాంకు వీలైనంత కిందికి దించుతారు. విన్చికి ఇనుప తీగ తీసేసి నైలాన్ లాంటి సింథటిక్ తాడు చుడతారు. అడుగున రాయి తగలకుండా వేసే రేకు మాత్రం మందపాటి ఉక్కుదే, ఎందుకంటే కింద ఉన్న బరువు మేలే చేస్తుంది. కొందరైతే ముందు టైర్లలో నీళ్లు కూడా నింపుతారు! నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముక్కు లేవకుండా, ముందు ఇరుసును ఛాసిస్‌కు లాగిపట్టే చిన్న విన్చి ఇంకొకటి. అయితే చక్రంలో నీళ్లు, ఇరుసు మీద బరువులు రాళ్ల మీద వరమే గానీ, వేగంగా పోయేటప్పుడు ఆ బరువే ప్రతి గుంతకూ సుత్తిలా కొడుతుంది. రోడ్డెక్కే బండికి అది పనికొచ్చే చిట్కా కాదు.

నిచ్చెన నిటారైతే

ఇక స్టీరింగు. ముందు ఇరుసు ఒకే కడ్డీలా ఉండే జీపుల్లో స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. చక్రం కింద ఇరుసు మీద ఉంటుంది. రెంటినీ కలిపేది 'డ్రాగ్ లింక్' అనే కడ్డీ. ఇరుసు పక్కలకు జరక్కుండా పట్టి ఉంచేది 'ట్రాక్ బార్' అనే మరో కడ్డీ. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇవి రెండూ దాదాపు పడుకున్నట్టు, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. బండిని లేపగానే రెండూ గోడకు వాల్చిన నిచ్చెనల్లా నిలబడతాయి. పడుకున్న కడ్డీ ఒక కొస కాస్త లేచినా, దిగినా రెండో కొస పెద్దగా జరగదు. వాలుగా ఉన్న కడ్డీ అలా కాదు, లేచిన ప్రతిసారీ పక్కకు కూడా తోస్తుంది. రెండు కడ్డీల వాలూ ఒకటే అయితే ఇద్దరూ కలిసి జరుగుతారు కాబట్టి గండం గడుస్తుంది. కానీ చాలామంది డ్రాగ్ లింక్ ఒక్కదాన్నే సరిచేస్తారు. అది సులువు, ఖర్చు తక్కువ... కిందికి వంగిన 'పిట్‌మన్ ఆర్మ్' ఒకటి కొని బిగిస్తే చాలు. అప్పుడు ఇద్దరిదీ చెరో దారి. గుంతలో పడినప్పుడల్లా డ్రైవరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది!

ఇంకోటి 'క్యాస్టర్'. సైకిల్ ముందు ఫోర్కు కాస్త ఏటవాలుగా ఉంటుంది కదా, చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోయేది అది ఒక కారణంగానే. జీపు ముందు చక్రాలకూ ఆ వాలు కొన్ని డిగ్రీలుంటుంది. బండిని లేపితే తగ్గిపోతుంది, రోడ్డు మీద బండి తాగినవాడిలా అటూ ఇటూ పోతుంది. సరిచేయడానికి ఇరుసును కాస్త తిప్పి బిగిస్తే క్యాస్టర్ దారికొస్తుంది గానీ, అదే ఇరుసుకున్న డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు విరుచుకుపోతుంది. రెండు మూడు అంగుళాల కన్నా ఎక్కువ లేపకండని పెద్దలు మొత్తుకునేది ఇందుకే.

రాళ్ల మధ్య స్టీరింగు తిప్పడమూ తేలిక కాదు. టైర్లలో గాలి 35 పౌండ్ల నుంచి పది పన్నెండుకు తగ్గించి ఉంటారు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా ముందు లాకర్ వేసి ఉంటారు. అలాంటి టైరు రెండు రాళ్ల సందులో ఇరుక్కుంటే మామూలు స్టీరింగ్ బాక్సు మూలుగుతుంది. ముందు వంగిపోయేది రెండు చక్రాలను కలిపే టై రాడ్డు. అందుకే దాన్ని లావుపాటిది వేసి, రాయికి అందకుండా ఇరుసు పైకి ఎత్తేస్తారు. బాక్సుకు సాయంగా హైడ్రాలిక్ సిలిండరు పెట్టుకుంటారు. పోటీ బళ్లలో అయితే కడ్డీలే ఉండవు, అంతా నూనె ఒత్తిడి మీదే. పైపు పగిలితే స్టీరింగే లేనట్టు కాబట్టి దాన్ని రోడ్డు మీదికి తేవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అన్నట్టు, రాళ్ల మీద స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకూడదు. రాయి తన్నితే స్టీరింగు గిర్రున తిరిగి వేలు విరుస్తుంది.

ఈ తప్పుల ఫలితం రాళ్ల మీద కన్నా తిరుగు ప్రయాణంలో ఎక్కువగా బయటపడుతుంది. వెనక సీట్లో భార్యాపిల్లలు, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం, చిన్న గతుకు... అంతే, ముందు చక్రాలు రెండూ జ్వరమొచ్చినట్టు దడదడా ఊగడం మొదలెడతాయి. అమెరికాలో దీన్ని 'డెత్ వాబుల్' అంటారు. సడలిన ట్రాక్ బార్ బోల్టు, అది కదిలి కదిలి కోలగా అయిన రంధ్రం, అరిగిన బాల్ జాయింట్లు, బ్యాలెన్స్ లేని టైర్లు... మూలం ఎక్కువగా వీటిలోనే ఉంటుంది. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే వణుకు కొన్నాళ్లు కనబడదు, రోగం మాత్రం లోపలే ఉంటుంది. ఊపు మొదలైతే స్టీరింగుతో కుస్తీ పట్టకుండా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా వేగం తగ్గించి పక్కకు ఆపాలి. ఆ బండిని అలాగే ఇంటిదాకా తీసుకెళ్లకూడదు.

మన దగ్గరా ఈ సరదా పెరుగుతోంది. 2014 నుంచి గోవాలో 'రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్' పోటీలు మొదలయ్యాయి. మహీంద్రా థార్ కొన్న కుర్రాళ్లు వీడియోలు చూసి మెకానిక్కు దగ్గరికి పరిగెడుతున్నారు. వాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన కడ్డీల లెక్క ముందు ఇరుసు ఒకే కడ్డీగా ఉండే జీపులది. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, వాటి బాధలు వేరు. రెండోది చట్టం. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని రిజిస్ట్రేషన్‌కు విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారాంశమూ అదే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట చూసేదీ దాన్నే. పోటీ బండిని లారీ మీద వేసుకుని మైదానానికి తీసుకెళ్లడమే ఉత్తమం.

డబ్బు ఖర్చు పెట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఊరి బయట లారీలను తూచే ధర్మకాటా దగ్గరికెళ్లాలి. ట్యాంకు నిండుగా, స్టెప్నీ, జాకీ, నీళ్ల డబ్బాలు, ఎక్కేవాళ్లంతా ఎక్కాక... ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఓ చీటీ, బండి మొత్తాన్ని ఎక్కించి మరో చీటీ తీసుకోవాలి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక బరువు తెలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముందు బరువుగా ఉన్న జీపు, నలుగురూ సామానూ ఎక్కేసరికి వెనక్కి మొగ్గడం చాలామందికి అక్కడే మొదటిసారి కనబడుతుంది. టాపు మీది సామాను కిందికి దించి, వెనక మూల ఉన్నది ముందుకు జరిపి మళ్లీ తూచడానికి అయ్యేది ఇంకో చీటీ ఖర్చే.