సెలవుంది, చోటు లేదు

హాంకాంగ్ వెళ్తే స్టార్ ఫెర్రీ ఎక్కమనీ, విక్టోరియా శిఖరం చూడమనీ అందరూ చెప్పారు. ఆదివారంనాటి చేటర్ రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వాహనాలు ఆపేసిన ఆ రోడ్డు మీద ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఇంటిపని కార్మికులు వందలాదిగా అట్టలు పరుచుకుని కూర్చుంటారు. కలిసి తింటారు, జడలల్లుకుంటారు, ఇళ్లకు పంపే సామాను పెట్టెల్లో సర్దుతారు. టూరిస్టులకు అదో వింత. కాని వారానికొక సెలవు వాళ్లకు చట్టం ఇచ్చిన హక్కు. ఉండడం మాత్రం యజమాని ఇంట్లోనే ఉండాలి, ఇది 2003 నుంచి నిబంధన. ఇక నడుం వాల్చడానికి రోడ్డు తప్ప ఏముంది?

“మనవాళ్లకు ఆ సెలవైనా లేదు” అంది నా స్నేహితురాలు. నిజమే. వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి ఇవ్వాలన్న 2011 నాటి ఐ.ఎల్.ఓ. 189వ ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించలేదు. ప్రభుత్వాన్ని అడుగుదాం, సరే. సంఘాల్లో తిరిగే మన ఇళ్లలో ఆదివారం గిన్నెలు ఎవరు తోముతున్నారు?