గ్యాస్ వెళ్లే దారినీ లెక్కలోకి తీసుకోవాలి

హైదరాబాద్ మైత్రీవనం వెనక సందుల్లో ఏదైనా హాస్టల్ వంటగదిలోకి తొంగిచూడండి. గోడవారగా 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు, పక్కనే గ్రైండర్, చేతికందే ఎత్తులో స్విచ్‌బోర్డు, మూలన ఫ్రిజ్. రిఫైనరీలో ఇలాంటి అమరికను ఏ ఇంజినీరూ ఒప్పుకోడు. అమీర్‌పేటలో, పంజాగుట్టలో మాత్రం ఇలాంటి వంటగదుల పై అంతస్తుల్లోనే కోచింగ్‌కు వచ్చిన పిల్లలు నిద్రపోతున్నారు.

మండే గ్యాస్ ఉన్న ప్లాంటును జోన్లుగా విభజిస్తారు. గ్యాస్ ఎప్పుడూ నిండి ఉండే ట్యాంకు లోపలి భాగం జోన్ 0. మామూలుగా పని నడుస్తున్నప్పుడే బయటికొచ్చే వీలుంటే జోన్ 1. ఎప్పుడైనా లీకైతే తప్ప రాదు, వచ్చినా కాసేపే ఉంటుందనుకుంటే జోన్ 2. ఎక్కడ ఎలాంటి మోటారు, లైటు, స్విచ్ పెట్టాలో ఈ విభజనే చెబుతుంది. మన దేశంలో ఇందుకు ఐఎస్ 5572 ప్రమాణం ఉంది.

అయితే లీకయ్యే చోటు చుట్టూ గీత గీస్తే సరిపోదు. గ్యాస్ ఎటు పోతుందో కూడా చూడాలి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసియెన్షియా ఫార్మా యూనిట్‌లో 17 మంది చనిపోయారు. పైప్‌లైన్ నుంచి లీకైన సాల్వెంట్ కింది అంతస్తులోని కరెంటు ప్యానెల్ దాకా చేరి పేలుడుకు దారితీసిందని ప్రాథమిక విచారణలో తేలింది. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్పీజీ మేఘంలా పరుచుకుని అంటుకుంది. సుమారు 60 మంది ప్రాణాలు పోయాయి.

అదే ఎల్పీజీ మన వంటగదుల్లోనూ ఉంది. గాలికంటే బరువైనది కాబట్టి లీకైతే పైకి పోదు. నేలమీద పాకుతూ తూములోకి, మెట్లమీదుగా సెల్లార్‌లోకి దిగుతుంది. గాలిలో దాదాపు 2 శాతం కలిస్తే చాలు, స్విచ్ వేసినప్పుడు లేచే నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైనున్న కిటికీ తెరిచినంత మాత్రాన నేలనంటిన గ్యాస్ పోదు.

ఈ ప్రమాదం తప్పించాలంటే ఖర్చెక్కువని హాస్టల్ యజమానులు అనొచ్చు. నిజానికి కావలసింది చాలా తక్కువ. సిలిండర్లను వంటగదిలో ఉన్నా, సెల్లార్‌లో ఉన్నా అక్కడి నుంచి తీసి, బయట గాలి ఆడే చోట నేలమట్టంలో పెట్టి, పైపు ద్వారా గ్యాస్ తెచ్చుకోవాలి. నేలకు దగ్గరగా వెంటిలేటరు, గ్యాస్ డిటెక్టరు బిగించాలి. స్విచ్‌బోర్డును దూరంగా జరపాలి. నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ కలిసి ఈ నాలుగూ కళ్లారా చూశాకే హాస్టల్‌కు అనుమతి ఇవ్వాలి, ఏటా మళ్లీ తనిఖీ చేయాలి. సెల్లార్‌లో సిలిండరు కనిపిస్తే ఆ రోజే వంటగది మూయించాలి.