అచ్చంగా చౌక ఏదో తేలాలంటే...

నెల మొదట్లో సరుకులకి పోయేదే ఇంటి ఖర్చులో పెద్ద ముక్క కదండీ! ఏ కొట్లో చౌక అంటే మాత్రం ప్యాకెట్ మీద ధర చూసి చెప్పేస్తాం. అక్కడే దెబ్బ తింటాం. పొద్దుతిరుగుడు నూనె లీటరు ప్యాకెట్లో 910 గ్రాములుంటుంది. పక్కనే, చూడ్డానికి అంతే ఉన్న 850 గ్రాముల ప్యాకెట్! మొదటిది 150 రూపాయలు, రెండోది 143 అనుకోండి. చెయ్యి దేనిమీదికి పోతుంది? కిలో లెక్కన చూస్తే మొదటిది సుమారు 165, రెండోది 168.

ఇదంతా నోటిలెక్క కట్టక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ షీట్స్ గానీ, పిల్లల కంప్యూటర్‌లో ఎక్సెల్ గానీ ఉంటే చాలు. ఒక్కో సరుక్కి ఒక్కో షీటు పెట్టుకోండి. ఎ నిలువు వరుసలో కొట్టు పేరు, బి లో మీరిచ్చిన ధర, సి లో గ్రాములు. డి2 గడిలో =బి2/సి2*1000 అని కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషులోనే సుమా!). కిలో ధర వచ్చేస్తుంది. మీరు నింపినంత వరకూ దాన్నే కిందికి లాగండి.

ఇప్పుడు పక్కన ఖాళీ గడిలో =మిన్(డి2:డి15) అంటే అన్నిట్లోకీ తక్కువ ధర కనిపిస్తుంది. సరుకు దొరకని కొట్టుకి ధర సున్నా వేశారో, అదే చౌక అని చూపిస్తుంది! పాపం, దానికేం తెలుసు? దొరకనప్పుడు ఆ కొట్టు వరుసే రాయకండి.

అసలు నాకు ఇంకా నచ్చేది స్మాల్. =స్మాల్(డి2:డి15,2) అంటే రెండో తక్కువ ధర చెబుతుంది. చౌక కొట్టు ఊరవతల ఉండి, రెండోది వీధి చివరే ఉందనుకోండి. తేడా కిలోకి నాలుగు రూపాయలైతే, ఆటోకి పెట్టి మరీ వెళ్తారా? రెండు కొట్లలో ఒకే చౌక ధర ఉంటే స్మాల్ కూడా అదే అంకె చూపిస్తుంది, కంగారు పడకండి.

2024 జనవరి నుంచి ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంతో ముద్రించాలనే నిబంధన ఉంది. కానీ అది గరిష్ఠ ధర మీద కట్టిన లెక్క. కొట్టువాడు తగ్గించి ఇచ్చింది అందులో ఉండదు. అందుకే బి లో బిల్లు ధరే వెయ్యండి.

కందిపప్పు షీట్లో ఇంకో వరుస కూడా పెట్టుకోండి, పప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడికిందో రాయడానికి. చౌక పప్పు ఉడక్కపోతే గ్యాసుకి ఎవరిస్తారు?