పదవీ విరమణ లేని రైతు

ఉద్యోగికి పదవీ విరమణ ఉన్నది. ఆనాడు పూలదండ, సన్మానపత్రం. ఆపై నెలనెలా పింఛను. రైతుకు ఈ మూడూ లేవు. మోకాళ్ళు సహకరించని నాడు మడకను కొడుకు చేతికిచ్చి అరుగు మీద కూర్చుంటాడు. "ముసలాయన ఊరికే ఉన్నాడు" అంటుంది లోకం. ఇంతకంటె అన్యాయమైన మాట లేదని నా అభిప్రాయం.

మన రాయలసీమ పల్లెలను పరికించండి. ఎందరో కొడుకులు బెంగుళూరుకో, కువైట్‌కో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పోయినారు. కోడలు చేనిపనికి పోతుంది. పిల్లలను బడికి పంపేది, జ్వరం వస్తే రాత్రంతా మేల్కొనేది, సంతనుండి తువ్వాలు కొసన బొరుగులు కట్టి తెచ్చేది ఆ వృద్ధుడే. కొన్ని ఇండ్లలో ఆయన తాత, కొన్ని ఇండ్లలో దాదా. పిలుపు వేరైనా ప్రేమ ఒక్కటే. తన బిడ్డలను ఎత్తుకొనే తీరికను సేద్యం ఆయనకు ఈయలేదు. ఆ బాకీని మనుమలకు వడ్డీతో చెల్లిస్తున్నాడు.

ఆ ప్రేమ వట్టి ముద్దుమురిపెం కాదు; అదొక పాఠశాల. మృగశిరలో వాన పడితే ఏ విత్తనం వేయాలి, అదను తప్పితే ఏ పైరుకు మారాలి, వేరుశనగ మన మెట్టలను కమ్మివేయక ముందు కొర్ర, సజ్జ, జొన్న ఎట్లు పండించేవారు - ఇవన్నీ ఆయనకు కరతలామలకం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఆ ధాన్యాలను పండించిన చేతులు మన ఇంటి అరుగు మీదనే ఉన్నవి.

అట్టి వానికి సమాజం ఏమిచ్చింది? 2019లో కేంద్ర ప్రభుత్వం కిసాన్ మాన్‌ధన్ యోజనను ప్రారంభించింది. చందా కట్టిన చిన్న, సన్నకారు రైతులకు 60 ఏండ్లు నిండిన తరువాత నెలకు 3,000 రూపాయలు ఇస్తారు. కాని చేరడానికి వయస్సు 18 నుండి 40 లోపు ఉండవలె. అనగా 2039 కంటె ముందు ఏ వృద్ధరైతుకూ ఆ పింఛను అందదు. నేటి తాతలకు అందులో చోటే లేదు. వృద్ధాప్య పింఛను ఉన్నది నిజమే. అది పేదరికానికి చేసే సాయమే గాని శ్రమకు దక్కిన ప్రతిఫలం కాదు.

కనుక ఆయనకు మిగిలిన ఆధారం భూమి ఒక్కటే. దానిని సైతం ప్రేమకొద్దీ బిడ్డల పేర, మనుమల పేర వ్రాసి ఇచ్చి, పిడికెడు మెతుకులకు ఎదురుచూచే వృద్ధులు లేకపోలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో చేసిన చట్టంలోని 23వ సెక్షన్ ఇట్టివారికి అండ. తనను పోషించాలనే షరతుతో ఆస్తి ఇచ్చినపుడు, పుచ్చుకొన్నవారు మాట తప్పితే ఆ బదిలీని ట్రిబ్యునల్ ద్వారా రద్దు చేయించుకోవచ్చు. షరతు దస్తావేజులో స్పష్టంగా ఉంటే వివాదానికి తావుండదు.

"కన్నబిడ్డలతో కాగితాలేమిటి?" అని కొందరు ఆక్షేపిస్తారు. చేనికి గట్టు వేసినంత మాత్రాన ప్రక్క చేనివానితో పగ ఉన్నట్లు కాదు. గట్టు తగవును రాకుండ ఆపుతుంది. షరతు కూడ అంతే.

విద్యార్థులారా! అనేక కుటుంబాలలో దస్తావేజు చదివి వినిపించగల మొదటి తరం మీరే. తాత వేలిముద్ర వేయకముందు ఆ షరతు అందులో ఉన్నదేమో చూడండి. వయస్సు వచ్చిన మనుమలను కూడ ఆ చట్టం సంతానంలోనే చేర్చినదని మరువకండి. ఈ సెలవులలో ఒక నోటుపుస్తకంతో ఆ అరుగు మీద కూర్చోండి. ఆయన చెప్పేది వ్రాసుకోండి. ఆయన వెళ్ళిపోయిన తరువాత ఆ విద్యను నేర్పే కళాశాల మరొకటి లేదు.